దుభాషిని అడుగవలసిన ప్రశ్న



బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో తరతరాలుగా నివసిస్తున్న మనకు దుభాషి ఎవరో చెప్పనక్కరలేదు. ఇంట ఒక భాష, కచేరీలో మరొక భాష. నడుమ ఒక మనిషి. కంప్యూటరు లోకంలోనూ ఇటువంటి దుభాషి ఉన్నాడు. పిల్లల పేర్లు, మార్కులు భద్రపరచే చోటు డేటాబేస్. దానిని ప్రశ్నించేది ప్రోగ్రాము. ఆ రెండింటి నడుమ మాట మోసేవాడే డ్రైవర్. ఇతనిని పనిలోనికి తీసుకొనేముందు “నీకేమి వచ్చును? ఎంతవరకు వచ్చును?” అని అడిగే సంప్రదాయం ఎట్లు ఏర్పడినదో, మన తెలుగు అక్షరానికి దానితో పని ఏమిటో తెలిసికొనడం మనకు అవసరం.

డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌.క్యూ.ఎల్‌. దీనికి 1986లో అమెరికా ప్రమాణ సంస్థ, 1987లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఒక రూపం నిర్ణయించాయి. అయినను ఒక్కొక్క కంపెనీ డేటాబేస్‌ది ఒక్కొక్క మాండలికం. ఒకదాని కొరకు వ్రాసిన ప్రోగ్రామును మరొకదానికి మార్చాలంటే చాలవరకు తిరిగి వ్రాసికొనవలసినదే. ఈ చిక్కు విప్పడానికి 1989లో కొన్ని కంపెనీలు కలిసి ఎస్‌.క్యూ.ఎల్‌. యాక్సెస్ గ్రూప్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. ఆ కృషి ఆధారంగా మైక్రోసాఫ్ట్ 1992లో ఓ.డి.బి.సి. మొదటి రూపాన్ని విడుదల చేసింది. దాని రూపకర్తలలో ముఖ్యుడైన కైల్ గైగర్ 1995లో దానిపై ఒక గ్రంథమే వ్రాశాడు.

ఇక్కడ రూపకర్తల ముందు ఒక ధర్మసందేహం నిలిచింది. తరగతిలో మనకు నిత్యమూ ఎదురయ్యేదే అది. అందరికీ వచ్చినంత మటుకే పాఠం చెబితే చురుకైనవారు నష్టపోతారు. అందరికీ అన్నీ వచ్చునని భావించి చెబితే వెనుకబడినవారు నష్టపోతారు. ఓ.డి.బి.సి. మూడవ దారి పట్టింది: ముందుగా అడిగి తెలిసికొనడం. ఇందుకు మూడు పిలుపులు ఏర్పాటయ్యాయి. ‘గెట్‌ఇన్ఫో’ డ్రైవర్ శక్తిని, పరిమితులను తెలుపుతుంది. ‘గెట్‌ఫంక్షన్స్’ ఏయే పిలుపులకు అతడు పలుకుతాడో చెబుతుంది. ‘గెట్‌టైప్‌ఇన్ఫో’ ఏయే రకాల విలువలు దాచగలడో చెబుతుంది. సమాధానం కొన్నిటికి అవును, కాదు అని. కొన్నిటికి సంఖ్య రూపంలో వస్తుంది. 1997లో జావా 1.1తో వచ్చిన జె.డి.బి.సి. కూడా ఈ బాటనే నడిచింది. అందులోని ‘డేటాబేస్ మెటాడేటా’ అనే భాగంలో ఇటువంటి ప్రశ్నలు నూటికి పైగా ఉన్నాయి.

ఈ సమాధానాలలో మీరు ప్రత్యేకంగా గమనింపదగినది సున్న. “నిలువు వరుస పేరు ఎంత పొడవు ఉండవచ్చును?” అని అడిగినప్పుడు 0 అని వస్తే దానికి రెండర్థాలు: పరిమితి లేదు, లేదా పరిమితి ఎంతో తెలియదు. హద్దు లేకపోవడం వేరు, హద్దు తెలియకపోవడం వేరు. ఆ రెండింటినీ ఒకే అంకె మోస్తున్నది. కనుక సున్నను అనుమతిగా భావించరాదు.

ఇక తెలుగు సంగతికి వద్దాం. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే మన లిపికి చోటు దొరికింది. కాని ‘వేంకటేశ్వర్లు’ అనే పేరును చూడండి. మన కంటికి 5 అక్షరాలు: వేం, క, టే, శ్వ, ర్లు. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కించే యూనికోడ్‌కు ఇవి 13 సంకేతాలు. యు.టి.ఎఫ్‌-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కనుక మొత్తం 39 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే చాలును. ఒరాకిల్ డేటాబేస్‌లో ‘30’ అని మాత్రమే వ్రాసి గడి ఏర్పరిస్తే మామూలుగా అది 30 బైట్లే. అయిదక్షరాల ఈ పేరు అందులో పట్టదు. తప్పు చూపి వెనుకకు పంపుతుంది.

మరొక ఉదాహరణ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వరుస పేరుకు మామూలు పరిమితి 63 బైట్లు. జె.డి.బి.సి. ద్వారా డ్రైవర్‌ను అడిగితే 63 అనే చెబుతాడు. కాని జె.డి.బి.సి. నిర్వచనం ప్రకారం ఆ అంకెకు అర్థం 63 అక్షరాలు! ఇంగ్లీషులో రెండూ ఒకటే కనుక తేడా బయటపడదు. తెలుగులో ‘విద్యార్థి_తండ్రి_పేరు’ అని వ్రాస్తే 62 బైట్లు, సరిగా పట్టింది. బాలికల పట్టిక కొరకు ‘విద్యార్థిని_తండ్రి_పేరు’ అని వ్రాస్తే 68 బైట్లు. పోస్ట్‌గ్రెస్ ఒక చిన్న గమనిక ఇచ్చి చివరి ‘రు’ను తొలగించి ‘పే’ వద్ద ఆపుతుంది. బాలురకు పట్టిన చోటు బాలికలకు పట్టలేదు. దుభాషి అబద్ధమాడలేదు, అతని కొలమానం వేరు, డేటాబేస్ కొలమానం వేరు.

కనుక మీ పాఠశాలకు ఎవరైనా కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చినప్పుడు “తెలుగు వస్తుందా?” అని అడిగి ఊరుకొనకండి. మూడు ప్రశ్నలు వేయండి. పేరుకు ఎంత చోటు ఉన్నది? ఆ కొలత అక్షరాలలోనా, బైట్లలోనా? చోటు చాలకపోతే తప్పు చూపుతుందా, లేక చెప్పకుండా కోసివేస్తుందా? ఆపైన మీ తరగతిలోని అన్నింటికంటె పొడవైన పేరును ఇంటిపేరుతో సహా తెలుగులో ఎక్కించి, తిరిగి తెరచి చదవండి. ఒత్తు పోయినా, గుణింతం తెగినా అప్పుడే తెలిసిపోతుంది.

వలస భూమిలో పిల్లవాని తెలుగు పేరు తరచు పరభాషా లిపిలోనే నమోదవుతుంది. దానిని మన లిపిలో వ్రాయించుకొనే అవకాశం వచ్చినప్పుడు అది సగంలో తెగిపోకుండా చూడడం మన బాధ్యత. అడిగి తెలిసికొనే పద్ధతి 1992 నుండి సిద్ధంగానే ఉన్నది. అడుగవలసినది మనమే.