వాయవ్య సరిహద్దు రాష్ట్రం: 1947 ప్రజాభిప్రాయ సేకరణ

1947 జూలై 6 నుండి 17 వరకు వాయవ్య సరిహద్దు రాష్ట్రపు ఓటర్లను అడిగిన ప్రశ్న ఒక్కటే: హిందూస్థాన్‌లో చేరుతారా, పాకిస్తాన్‌లో చేరుతారా? స్వతంత్ర పఠాన్ రాజ్యం కావాలనే వానికి అక్కడ ఓటుపెట్టె లేదు. అయినప్పటికీ ఆ ప్రజలు స్వతంత్ర రాజ్యాన్ని తిరస్కరించారని కొందరు, కోరుకున్నారని మరికొందరు ఆ ఫలితాన్నే చూపి వాదిస్తూ వచ్చారు.

ముస్లింలు నూటికి తొంభై మందికి పైగా ఉన్న ఈ రాష్ట్రంలో 1946 ఎన్నికలలో 50 స్థానాలకుగాను కాంగ్రెస్‌కు 30, ముస్లిం లీగుకు 17 లభించాయి. డాక్టర్ ఖాన్ సాహెబ్ ప్రధానిగా ప్రభుత్వం ఏర్పడింది. ఆయన తమ్ముడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ నడిపిన ఖుదాయీ ఖిద్మత్‌గార్లే ఆ విజయానికి వెన్నెముక. దేశ విభజనకు కాంగ్రెస్ అంగీకరించడంతో వారు ఒంటరివారయ్యారు. జూన్ 21న బన్నూలో సమావేశమై, ఇస్లామీయ భావనలు, ప్రజాస్వామ్యం, సమానత్వం, సాంఘిక న్యాయం ప్రాతిపదికగా పఠాన్లకు స్వతంత్ర రాజ్యం కావాలని తీర్మానించారు. కనుక దీనిని మతానికీ మతేతరానికీ నడుమ జరిగిన పోరుగా చిత్రించడం సరికాదు. మాన్కీ షరీఫ్ పీర్ పాకిస్తాన్ పక్షాన ప్రచారం చేశారు. ఎదుటి పక్షమూ ఇస్లాం పేరు విడువలేదు.

మూడవ ప్రశ్న ఎందుకు లేకపోయింది? మౌంట్‌బాటెన్ తొలి ముసాయిదాలో రాష్ట్రాలు విడిగా నిలిచే అవకాశం ఉండినది. మే నెలలో సిమ్లాలో దానిని చూచిన నెహ్రూ, దేశం ముక్కచెక్కలవుతుందని తీవ్రంగా వ్యతిరేకించడంతో అది తొలగింది. నెల తిరగకముందే అదే అవకాశాన్ని ఒక్క సరిహద్దు రాష్ట్రానికి ఇమ్మని కాంగ్రెస్ కోరగా, మీరే కదా తీయించారని మౌంట్‌బాటెన్ గుర్తుచేశాడు. జిన్నా కూడా ససేమిరా అన్నారు. ఖిద్మత్‌గార్లకు బహిష్కరణ తప్ప దారి లేకపోయింది.

మొత్తం ఓటర్లు 5,72,798. పాకిస్తాన్‌కు 2,89,244, హిందూస్థాన్‌కు 2,874 ఓట్లు వచ్చాయి. అంటే పాకిస్తాన్ కోరినవారు మొత్తం ఓటర్లలో సగానికి కొంచెం పైన. ఓటు వేయని సగాన్ని అచ్చంగా బహిష్కరణ లెక్కలో వేయడానికి వీలులేదు. ఏ ఎన్నికలోనైనా ఇంటిపట్టున ఉండిపోయేవారుంటారు. పైగా ఓటుహక్కు ఆస్తికీ చదువుకూ ముడిపడి ఉండేది. 1941 జనగణన ప్రకారం 30 లక్షల జనాభా గల జిల్లాలలో అయిదవ వంతుకైనా అది లేదు. గిరిజన ప్రాంతాలను అసలే అడగలేదు. కాబట్టి రెండింటిలో పాకిస్తాన్‌నే ఎంచుకున్నారన్నది నిస్సందేహం. స్వతంత్ర రాజ్యం గురించి మాత్రం ఆ అంకెలు అటూ చెప్పవు, ఇటూ చెప్పవు. అడగనిదానికి జవాబు వెదకడం చరిత్రకారుని పని కాదు.

అనువాదకునిగా ఒక మాట. ఉర్దూలో దీనిని ‘ఇస్తిస్వాబె రాయ్’ అంటారు. ‘సవాబ్’ అంటే సరియైనది. ఏది సరియైనదో చెప్పమని అడగడమన్నమాట. తెలుగులో ‘సేకరణ’ అనేసరికి ఆ అడగడం మరుగున పడిపోతుంది.

ఆగస్టు 22న ఖాన్ సాహెబ్ ప్రభుత్వం తొలగించబడింది. సెప్టెంబరులో సర్దర్యాబ్‌లో సమావేశమైన ఖిద్మత్‌గార్లు పాకిస్తాన్‌ను తమ దేశంగా అంగీకరించారు. 1948 ఫిబ్రవరిలో గఫార్ ఖాన్ పాకిస్తాన్ రాజ్యాంగ సభలో విధేయతా ప్రమాణం చేసి, తాము కోరే పఖ్తూనిస్తాన్ పాకిస్తాన్ లోపలిదేనని ఆ సభలోనే వివరించారు. జూన్‌లో ఆయనను నిర్బంధించారు. రాష్ట్రం పేరులో ‘పఖ్తూన్’ అన్న మాట చేరడానికి 2010 దాకా పట్టింది.