పెర్త్ వైద్యుని సాహసమునుండి ఇంటి పరీక్షవరకు

దిగులుపడువారికి, కారము మెండుగా తినువారికి, వేళకు భుజింపనివారికి కడుపులో పుండు పుట్టునని వైద్యుడు మొదలు ఇంటి ముసలమ్మ వరకు అందరును చెప్పుచుండిన కాలము మరీ దూరపుది కాదు. 1970ల తుదివరకును వైద్యవిద్యాలయములలో ఆమ్లాధిక్యమే అల్సరునకు మూలమను పాఠము నడచుచుండెను. మాత్రలు మింగినన్నాళ్లు పుండు మానుటయు, మానివేసిన కొన్నాళ్లకే తిరగబెట్టుటయు రోగికిని వైద్యునికిని అలవాటైపోయెను.

జఠరామ్లమున ఏ సూక్ష్మజీవియు బ్రతుకజాలదను విశ్వాసమే యీ పాఠమునకు పునాది. 1893లోనే ఇటలీ దేశీయుడగు బిజోజెరో కుక్కల జఠరమున మెలిక తిరిగిన జీవులను చూచి వ్రాసియుండగా, 1954లో పామర్ అను అమెరికా వైద్యుడు వేయిమందికి పైగా రోగుల జఠరపు ముక్కలను పరీక్షించి అట్టివేవియు కానరాలేదని తీర్మానించెను. ఆయన వాడిన రంగులో ఆ జీవులు స్పష్టపడవు. అయినను సంఖ్య పెద్దదగుటచే తీర్పునకు ఎదురు లేకపోయెను.

1979లో ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆసుపత్రి యందు రాబిన్ వారెన్ వెండి లవణపు రంగు వేసి చూడగా, వాచిన జఠరపు పొరపై వంకర క్రిములు గుంపులుగా కానవచ్చెను. రెండేండ్లకు బారీ మార్షల్ అను యువవైద్యుడు ఆయనతో చేరెను. క్రిములను పెంచబూనిన ప్రయోగశాలలో, రెండు దినములలో ఏమియు మొలవనిచో గాజుపలకలను పారవేయుట వాడుక. 1982 ఈస్టరు సెలవులలో చూచువారు లేక ఒక పలక ఐదు దినములు వెచ్చనిపెట్టెలోనే యుండిపోగా, వెదకుచున్న క్రిమి అందులో మొలచియుండెను. సెలవులు లేకున్న ఈ కథ ఎన్నాళ్లు ఆగెడిదో!

పుండునకు ఈ క్రిమియే మూలమని లోకము అప్పటికిని నమ్మకపోగా, 1984లో మార్షల్ తన జఠరము నిర్దోషమని ముందుగా పరీక్ష చేయించుకొని, క్రిములు కలిపిన ద్రవమును తానే త్రాగెను. కొలది దినములలో వాంతులును నోటి దుర్వాసనయు కలిగెను; పదవనాటి ఎండోస్కోపీలో జఠరపు వాపును, ఆ క్రిములును కనబడెను. దీనిని వివేకమందునా తెగింపందునా యని నాకు నేటికిని సందేహమే. 2005లో వారిద్దరికిని నోబెల్ బహుమానము లభించెను.

హెలికోబాక్టర్ పైలోరీ యను ఈ క్రిమి యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించుకొని, ఆమ్లమునుండి తన్ను తాను కాచుకొనును. ఆ యుపాయమే దానిని పట్టియిచ్చినది: గుర్తుగల కర్బనముతో చేసిన యూరియాను మ్రింగించి రోగి ఊపిరిని పరీక్షించినచో, క్రిమి యున్న కడుపునుండి ఆ కర్బనము బయటపడును. ఎండోస్కోపీ గొట్టము మ్రింగవలసిన బాధ యిట్లు తప్పినది.

ఇప్పుడు ఇంటనే చేసికొను కిట్లును వచ్చినవి. ఒకదానిలో ఆవగింజంత మలమును చిన్నసీసాలోని ద్రవమున కలిపి, కొన్ని చుక్కలను పలక గుంటలో వేసి, చెప్పిన నిమిషములు గడచిన పిదప గీతలను చూడవలెను. ఒక్క గీతయే కనబడినచో క్రిమి లేదనియు, రెండు కనబడినచో ఉన్నదనియు అర్థము. మరియొకటి వ్రేలి నెత్తుటి చుక్కతో ప్రతిరక్షకములను వెదకును. నా మట్టుకు ఈ రెండవదానిని మెచ్చను. మందులతో క్రిమి నశించిన తరువాతను ఆ ప్రతిరక్షకములు నెలల తరబడి నెత్తుట నిలిచియుండును గనుక, కుదిరినదో లేదో అది చెప్పజాలదు. మలపరీక్షకు సైతము ఆమ్లమును తగ్గించు పాంటోప్రజోల్ వంటి మాత్రలను రెండు వారములును, యాంటీబయాటిక్ మందులను నాలుగు వారములును ముందుగా మానియుండవలెను. లేనిచో క్రిమి యున్నను లేదనుట కలదు. అయితే వైద్యుడు వ్రాసిన మాత్రను ఆయన నడుగక మానరాదు.

నల్లని విరేచనము, నెత్తురు వాంతి, కారణము లేని బరువు తగ్గుదల కలవారు మాత్రము కిట్టు కొనుటకు మందుల దుకాణమునకు పోక, తిన్నగా వైద్యునియొద్దకు వెళ్లుదురు గాక.