జాతర నిలిపిన గొంతు

చుక్క సత్తయ్య పేరెత్తితే జనగామ, మానుకోట పల్లెల్లో పెద్దవాళ్లకు ఫలానా పాట అంటూ గుర్తుకు రాదు, తెల్లవార్లూ సాగిన మల్లన్న కథ గుర్తొస్తుంది. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురంలో 1935లో పుట్టి 2017లో కన్నుమూసిన ఈ ఒగ్గు కథకుడికి కేంద్ర సంగీత నాటక అకాడమీ 2014 పురస్కారం దక్కింది. జనం నోట పడ్డ ఒక్క పాటతో ఇంత కాలం నిలవడం ఎవరి వల్లా కాదు. ఏటేటా పిలుపు వచ్చే సందర్భం, పిలిచిన ప్రతిసారీ కథను కొత్తగా నిలబెట్టే నేర్పు, ఈ రెండూ కలిసిన చోటే గాయకుడు నిలుస్తాడని ఒగ్గు కథ చరిత్ర చెబుతోంది.

సందర్భం సంగతి చూడండి. కొమురవెల్లిలో మల్లన్న కల్యాణం తర్వాత సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు జాతరే. ఐనవోలులోనూ సంక్రాంతికి జనం పోటెత్తుతారు. ఇటు నెల్లికుదురు దాకా కురుమ, గొల్ల ఇళ్లలో బీరప్ప కొలుపు, మల్లన్న పట్నం, ఎల్లమ్మ పండుగ. రంగుల పొడులతో పట్నం వేసేదీ, దేవుడి పెళ్లి జరిపించేదీ, డోలు, తాళాల మధ్య కథ చెప్పేదీ ఒగ్గువాళ్లే. కథ జరగందే మొక్కు తీరదు. కాబట్టి నిరుటి కథ విన్నవాళ్లే ఈ ఏడూ వింటారు. మల్లన్నతో మేడలమ్మ పెళ్లి ఎలా ముగుస్తుందో ముందే తెలిసినవాళ్లను రాత్రంతా కూర్చోబెట్టాలి. అంతకు మించిన పరీక్ష ఏ కళాకారుడికీ ఉండదు.

మరి జాతర అందరిదీ అయినప్పుడు పేరు సత్తయ్యకే ఎందుకు దక్కిందని అడగొచ్చు. జాతర బతుకుదెరువు ఇస్తుంది, కీర్తికి అది చాలదు. మల్లన్నకు మొక్కని శ్రోతను కూడా కట్టిపడేసేలా సత్తయ్య ఆ కథను సభావేదికకు తెచ్చాడు. వేములవాడ వైపు హనుమాజీపేట మిద్దె రాములూ అదే దారి పట్టాడు. ఇద్దరికీ పునాది పట్నం దగ్గర గడిపిన రాత్రులే.

దేవుడూ మొక్కూ లేని రాక్ సంగీతానికి ఇది వర్తించదనే వాదనా ఉంది. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి అమెరికా టాప్ టెన్‌లో దక్కింది 1987లో ఒక్క పాటే. అయినా 1995 దాకా మూడు దశాబ్దాలు నిలిచింది. ఏ రాత్రి కచేరీ ముందు రాత్రిలా ఉండేది కాదు. అభిమానులు ఊరి నుంచి ఊరికి వెంట తిరిగేవారు. అది జాతర కాక మరేమిటి? 1970లో విడిపోయిన బీటిల్స్‌ను ఇప్పటికీ వింటున్నాం, నిజమే. అక్కడ నిలిచింది రికార్డులోని పాట. కళాకారుడు జనం మధ్య నిలవడం వేరే సంగతి.

ఒగ్గు కథకు రికార్డు ఆసరా కాలేదు. ఏళ్ల తరబడి వంత పాడినవాడే రేపటి కథకుడు. అందుకే నెల్లికుదురు చుట్టుపక్కల పట్నం వేయించే ఇళ్లకు ఒక మనవి: మైకులో రికార్డు పెట్టి సరిపెట్టకండి. బృందాన్ని పూర్తిగా పిలిపించండి, వంత పాడే కుర్రాళ్లకూ తగిన సంభావన ఇవ్వండి.