కోరంగి మడ అడవులు

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దక్షిణంగా, ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా తీరాన విస్తరించినవి కోరంగి మడ అడవులు. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇవి ఒకటి. 1978లో ఇక్కడ 235.7 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల ఇక్కడి ముఖ్యమైన చెట్లు. బావురుపిల్లులకు, నీటికుక్కలకు ఈ అడవిలోని పాయలే ఆహారమిస్తాయి. ఏటా జనవరి నుంచి దగ్గర్లోని హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. చూసినవారికి ఇది మనిషికి సంబంధం లేని ఆదిమారణ్యంలా తోస్తుంది. చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. ఈ అడవినీ, దాని పక్కనే వెలిగి ఆరిన కోరంగి రేవునూ నడిపించింది ఒకే శక్తి. అది గోదావరి వండ్రు.

పద్దెనిమిదో శతాబ్దిలో కోరంగి తూర్పు తీరంలో పేరున్న రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఇక్కడి నుంచి బర్మాకు సాగిన రాకపోకల వల్లనే అక్కడి తెలుగువారికి కోరంగీలన్న పేరు వచ్చింది. నది ఏటా తెచ్చి పోసిన వండ్రుతో పాయలు మెరకపడ్డాయి, పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. ఓడకు అడ్డుపడిన ఆ బురదే మడ విత్తుకు నేల అయింది. కాకినాడ అఖాతానికి కాపుగా నిలిచిన సుమారు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కూడా గత రెండు శతాబ్దాల్లో ఈ నది మేట వల్ల ఏర్పడిందే. ఆ చాటున లంగరు వేయడానికి వీలున్న కాకినాడకు వ్యాపారం తరలిపోయింది.

కోరంగిని తుఫానులే తుడిచిపెట్టాయని చాలామంది రాస్తారు. 1789 డిసెంబరులో ఉప్పెన ఊరిని ముంచింది. సుమారు 20 వేలమంది చనిపోయారని అంచనా. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. దానికి 3 లక్షలమంది బలయ్యారని తరచూ చెబుతారు గానీ, ఒక చిన్న రేవుపట్నం విషయంలో ఆ సంఖ్య నమ్మదగినదిగా లేదు. ఆ నష్టం ఘోరమైనదే, కాదనలేం. అయితే 1789 తరువాత కూడా ఆ రేవు దశాబ్దాలపాటు నడిచింది. కూలిన గిడ్డంగిని మళ్లీ కట్టుకోవచ్చు, పూడిన పాయను ఏటేటా తవ్వుకుంటూ పోవడం నాటి వ్యాపారుల శక్తికి మించిన పని. కనుక తుఫానులు రేవును దెబ్బతీశాయి, దాన్ని ముగించింది మాత్రం మేటే.

మనుషుల దారులు అడవి అంచున ఎప్పుడూ ఆగలేదు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేస్తూ అంతర్వేది వరకు సాగే సప్తసాగర యాత్ర, పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో మొదలవుతుంది. ఆ రోజుకు చొల్లంగి అమావాస్య అనే పేరే స్థిరపడింది. నేడు సందర్శకులు అడవిలోకి వెళ్లే చెక్కబాట కూడా చొల్లంగి మీదుగా సాగే కాకినాడ–యానాం దారికి దగ్గర్లోనే ఉంది. పాయల వెంట పడవల మీద తిరిగే జాలర్లకు చేప, రొయ్య, పీత ఈ అడవి నీళ్లలోనే దొరుకుతాయి.

సహజంగా పుట్టిన అడవి కాబట్టి నరకకుండా కాపాడితే చాలు, దానంతటదే పెరుగుతుందనే వాదన ఒకటుంది. నరికివేతను ఆపడం తప్పనిసరే. రొయ్యల చెరువుల సాగు ఈ తీరంలో ఎంత మడను మింగిందో తెలిసిందే. కానీ అది చాలదనడానికి ఇక్కడి అనుభవమే సాక్ష్యం. చెట్లు పోయిన చోట పోటునీరు కదలక నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుంది. అక్కడ మొలక నిలవలేదు. 1990ల నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి చిన్న కాలువలు తవ్వి ఆటుపోట్లకు దారి ఇచ్చాకే మడ మళ్లీ పట్టుకుంది. నది నుంచి వచ్చే నీరు, వండ్రు కూడా తగ్గాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నది నీటిలో పెద్ద వాటా పొలాలకు మళ్లింది. ఆ నీటితోనే డెల్టా అన్నపూర్ణ అయింది గనుక దాన్ని తప్పుపట్టలేం. అయితే ఎగువన కట్టిన జలాశయాలు వండ్రును పట్టేస్తున్నాయి, డెల్టా తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది. నది పెంచిన అడవిని హద్దురాళ్లు మాత్రమే కాపాడలేవు. నీటి పంపకాల లెక్కలో పొలానికీ, పట్నానికీ ఉన్నట్టే నది సముద్రంలో కలిసే మొగకూ ఒక వాటా ఉండాలి.