నంబరు తిరగబడిన తీగ



ప్లగ్గు ఇంట్లో ఉంటుంది, చొప్ప కత్తిరించే యంత్రం కొట్టంలో ఉంటుంది. నడుమ వైరు పొడిగించక తప్పదు. కొట్టుకు వెళ్ళి వైరు ఇమ్మంటాం. "ఎంత లావుది?" అని అతడు అడిగేసరికి తెల్లమొహం వేస్తాం. ఈ లావుకు ఒక చరిత్ర ఉన్నది. తెలుసుకుంటే మోటారు కాలదు, కొట్టమూ కాలదు.

తీగ పొడవు పెరిగినకొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుందనీ, లావెక్కినకొద్దీ తగ్గుతుందనీ 1827లో జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు ఓమ్ లెక్క కట్టి చూపాడు. మనకిది కొత్త గాదు. ఇరుకు బోదెలో చివరి మడికి నీళ్ళు అందుతాయా? కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుందని 1841లో ఇంగ్లండులో జూల్ తేల్చాడు.

మరి లావును కొలవడం ఎట్లా? తీగను బెజ్జాల గుండా లాగి సన్నం చేస్తారు. లాగినకొద్దీ సన్నం, నంబరు మాత్రం పెద్దది. ఈ గేజి నంబర్లు తలా ఒక తీరుగా ఉంటే, బ్రిటన్‌లో 1884 నుంచి ఒకే గేజిని చట్టబద్ధం చేశారు. అదే మన దేశానికీ వచ్చింది. పాతకాలపు పనివాళ్ళు "మూడు బై ఇరవై" అనేవారు. అంటే 20వ నంబరు తీగలు మూడు కలిపినది. 22వ నంబరు దానికంటే సన్నం.

మన దేశంలో 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. ఆ తరువాత కాలంలో వైరును చదరపు మిల్లీమీటర్లలో అమ్మడం అలవాటైంది. ఇందులో నంబరు పెద్దదైతే తీగ లావు. పాత లెక్క పూర్తిగా తిరగబడిందన్నమాట! పెద్దలు చెప్పారు గదా అని చిన్న నంబరు అడిగితే చేతికి సన్న వైరే వస్తుంది. పాత మూడు బై ఇరవై సుమారు 2 చదరపు మిల్లీమీటర్లు. దాని బదులు ఇవాళ రెండున్నర అడగాలి.

ఒక లెక్క చూడండి. 30 మీటర్ల వైరులో కరెంటు పోను రాను 60 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగైతే అడ్డు సుమారు 1 ఓమ్. ఒక హార్సుపవరు మోటారు నడిచేటప్పుడు 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 7 వోల్టులు దారిలోనే పోతాయి. మొదలయ్యేటప్పుడు దానికి ఐదింతలు లాగితే 35 వోల్టులు పోతాయి. మోటారు తిరగక మూలగవచ్చు, వైండింగు కాలవచ్చు. అదే రెండున్నర తీగైతే పోయేది 14 వోల్టులే.

కాబట్టి దూరం కొలిచి, మోటారు పలకమీది ఆంపియర్లు చూసి వైరు కొనండి. ఎర్తు ఉన్న మూడు తీగల వైరే కొనండి. మిగిలిన వైరును చుట్టగా ఉంచి మోటారు నడపకండి, వేడెక్కుతుంది. గడ్డి కింద అతుకులు వద్దు. పని కాగానే ప్లగ్గు తీసెయ్యండి. ఏడాది పొడుగునా వాడేదైతే పొడిగింపు వైరు మాని, పనివాడిచేత స్థిరమైన లైను వేయించుకోవడమే మేలు.