రెండు మిల్లీమీటర్లు



'కటకము' అన్న పదానికి నిఘంటువులలో కంకణమనీ, సేన విడిసిన చోటనీ, రాజధాని అనీ, కొండనడుమ అనీ పలు అర్థాలు కనబడతాయి. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలను రచించిన పెద్దలు లెన్సుకు ఈ మాటనే ఎంచుకున్నారు. లోహపు వలయాలలో ఒకదాని వెనుక ఒకటిగా బిగించిన గాజుబిళ్ళలనూ, వాటిపై చేతితో తిప్పే ఉంగరాలనూ చూసినవారికి ఆ కంకణార్థం ఎంత చక్కగా అమరిందో వేరే చెప్పనక్కరలేదు. ఈ టపా అట్టి కంకణాలలో ఒక జాతిని గురించినది. 1970, 80 దశకాలలో తయారై, ప్రతి కదలికకూ మనిషి చేతినే ఆశ్రయించి, వెలుతురును మాత్రం ధారాళంగా లోనికి రానిచ్చే దూరపు జూమ్ కటకాలవి. చాలాకాలం మూలన పడిన ఈ సరుకు నేటి డిజిటల్ కెమెరాలపై మళ్ళీ కొలువు తీరింది. అందుకు గాజు నాణ్యత ఒక కారణమే కాని, అసలు కారణం కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ.

చరిత్రలోకి వెళ్ళేముందు రెండు మాటలు తెలుసుకోవాలి. అనంతదూరంలోని వస్తువు ప్రతిబింబం కటకానికి ఎంత దూరంలో ఏర్పడుతుందో అది నాభ్యంతరం. ఇది పెరిగినకొద్దీ దూరపు వస్తువు పెద్దదిగా కనబడుతుంది. ఈ నాభ్యంతరాన్ని కటకపు ద్వారవ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. అది ఎంత చిన్నదైతే అంత వెలుతురు. 200 మి.మీ. వద్ద ఎఫ్ 2.8 కావాలంటే ద్వారం 71 మి.మీ. పైబడి ఉండాలి. ఎఫ్ 4.5 చాలుననుకుంటే 44 మి.మీ. సరిపోతుంది. మొదటిది రెండవదానికన్నా రెండున్నర రెట్లకు పైగా కాంతిని తెస్తుంది. అందుచేత సాయంసంధ్యలో కూడా షట్టరును వేగంగా మూయవచ్చు. ఇంగ్లీషువారు దానిని వేగవంతమైన కటకమనడం ఇందుకే. మోయవలసిన గాజు బరువు కూడా ఆ లెక్కనే పెరుగుతుందని వేరే చెప్పాలా!

నాభ్యంతరాన్ని ఇష్టానుసారం మార్చుకోగల కటకానికి 1902లోనే అమెరికాలో క్లైల్ అలెన్ అనే ఆయన పేటెంటు పొందాడు. అయితే ఈ కోరిక ముందుగా తీరినది చలనచిత్రాలవారికి. నిశ్చలచిత్రం తీసేవాడు ఒక కటకాన్ని విప్పి మరొకటి బిగించుకునే వ్యవధి ఉన్నవాడు. ఫిల్మ్ పరుగెత్తుతుండగా దృశ్యాన్ని దగ్గరకు లాక్కోవలసిన అవసరం చలనచిత్రకారుడిది. 1932లో ఇంగ్లాండులోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ సంస్థ 'కుక్ వారో' అనే 40–120 మి.మీ. కటకాన్ని సినిమా కెమెరాలకు తెచ్చింది. తరువాత వియన్నాలో పుట్టి అమెరికాకు వలసవెళ్ళిన ఫ్రాంక్ బాక్ 1940ల రెండవ సగంలో 'జూమర్' అన్న పేరుతో చేసిన కటకాలు టెలివిజన్‌వారి చేతికి వచ్చాయి. అంతకుముందు వైమానికులు విమానం నిటారుగా పైకి లేవడాన్ని 'జూమ్' అనేవారు. ఒక ధ్వన్యనుకరణ శబ్దం ఆకాశం నుంచి గాజులోకి దిగి, నేడు మన పల్లెల్లోని పెళ్ళి ఫొటోగ్రాఫరు నోట కూడా నలుగుతోంది.

అదే బాక్ రూపకల్పనతో 1959లో 35 మి.మీ. నిశ్చలచిత్ర కెమెరాలకు ఫోక్ట్‌లెండర్ జూమర్ వెలువడింది. 36–82 మి.మీ., ఎఫ్ 2.8. లోపల 14 గాజుబిళ్ళలు, 11 సముదాయాలుగా. ఇక్కడొక లెక్క చూడండి. 11 సముదాయాలంటే గాలిని తాకే ఉపరితలాలు 22. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ దాదాపు నూటికి నాలుగు పాళ్ళ కాంతిని వెనక్కి కొడుతుంది. అట్లా ఇరవైరెండు మార్లు పోగా మిగిలేది నూటికి నలభై పాళ్ళే. పోయిన కాంతి ఊరక పోదు, లోపలే అటూ ఇటూ పరావర్తనం చెంది చిత్రాన్ని పాలిపోయేట్టు చేస్తుంది. జర్మనీలో జైస్ సంస్థలో స్మాకులా 1935లో కనుగొన్న పలుచని పూత లేకపోతే జూమ్ కటకం అన్నదే నిత్యవ్యవహారంలోకి వచ్చేది కాదు. 1971లో పెంటాక్స్ పలుపొరల పూతను తన టాకుమార్ కటకాలపై విస్తృతంగా తెచ్చాక ఈ చిక్కు చాలావరకు విడిపోయింది.

రెండవ చిక్కు కదలికది. అది నాకు మరీ ముచ్చటగా తోస్తుంది కనుక కొంచెం విస్తరిస్తాను. ఆ కాలపు దూరపు జూమ్‌లలో ఎక్కువ వాటిలో గాజుబిళ్ళలు నాలుగు బృందాలుగా ఉంటాయి. మొదటిది దూరాన్ని బట్టి స్పష్టత కుదర్చడానికి. రెండవది ముందువెనుకలకు జరిగి నాభ్యంతరాన్ని మారుస్తుంది. కాని అది జరగగానే ప్రతిబింబం కూడా తన చోటు వదలిపోతుంది. ఆ తప్పిపోయినదానిని తిరిగి ఫిల్మ్ మీదికి తేవడం మూడవదాని పని. నాల్గవది కదలక వెనుక నిలిచి, కాంతిద్వారాన్ని తనలో ఉంచుకుంటుంది. ద్వారం కదలని బృందంలో ఉన్నందువల్లనే ఎంత దూరానికి జూమ్ చేసినా ఎఫ్ సంఖ్య మారదు. రెండవ, మూడవ బృందాల దారులు మాత్రం ఒకటి కావు. ఒకటి సూటిగా సాగుతుంటే మరొకటి కొంత వెనక్కి తగ్గి మళ్ళీ ముందుకు రావాలి. లోహపు గొట్టంలో వంపు తిరిగిన గాడి ఒకటి తొలిచి ఆ నడకను సాధించారు. గాడి వెంట్రుకవాసి తప్పితే చిత్రం మసకబారుతుంది. బాక్ తన జూమర్‌లో ఈ గాడిని తప్పించుకుని, కదిలే బృందాలను ఒకటిగా ముడివేసి, లోపాన్ని గాజుల అమరికతోనే సరిపుచ్చాడు. అది తెలివైన ఉపాయమే. కాని అందులో గురి కచ్చితంగా కుదిరేది కొన్ని చోట్లనే, మిగతా చోట్ల 'దాదాపు'గానే. చివరకు గెలిచినది గాడి. లోహాన్ని అంత సున్నితంగా కోసే యంత్రాలు, కాంతికిరణాల దారులను లెక్కగట్టే కంప్యూటర్లు ఆ గెలుపుకు కారణం.

నికాన్ కూడా 1959లోనే 85–250 మి.మీ. దూరపు జూమ్‌ను ప్రకటించింది. 1970 ప్రాంతంలో వచ్చిన దాని 80–200 మి.మీ., ఎఫ్ 4.5 కటకం పత్రికల ఫొటోగ్రాఫర్లకు జూమ్ మీద నమ్మకం కలిగించింది. అయితే సామాన్యుని చేతికి వేగాన్ని అందించిన ఖ్యాతి నా లెక్కలో వివిటార్‌దే. 1938లో లాస్ ఏంజెలెస్‌లో జర్మనీ నుంచి వచ్చిన పాండర్, బెస్ట్ అనే ఇద్దరు స్థాపించిన వ్యాపారసంస్థ అది. 1970ల నడుమ వారు తెచ్చిన సిరీస్ 1, 70–210 మి.మీ., ఎఫ్ 3.5 కటకానికి రూపకల్పన అమెరికాలో జరిగితే, నిర్మాణం జపానులో జరిగింది. ఒకే ఉంగరాన్ని తిప్పితే గురి, తోస్తే జూమ్. కెమెరా తయారీదారుల సొంత సరుకే శ్రేష్ఠమన్న గర్వాన్ని అది కొంత వంచింది. క్రమసంఖ్యలో మొదటి రెండంకెలు చూసి దానిని తయారుచేసిన కర్మాగారమేదో చెప్పవచ్చు: 22 అయితే కినో, 37 అయితే టోకినా, 28 అయితే కొమినే. గోత్రప్రవరలు చెప్పుకున్నట్టు సేకర్తలు నేటికీ ఈ అంకెలు చెప్పుకుంటారు. 1982లో నికాన్ 80–200 మి.మీ.లో ఎఫ్ 2.8 తెచ్చింది. బరువు రెండు కిలోలకు కొంచెమే తక్కువ. టోకినా కూడా ఆ దశకంలోనే ఎఫ్ 2.8ను తక్కువ ధరకు అందించింది.

అప్పుడు వచ్చి పడింది స్వయంచాలక గురి. 1985లో మినోల్టా, 1987లో కేనన్ తమ పాత బిగింపును వదిలి కొత్త బిగింపుతో కెమెరాలు తెచ్చాయి. ప్రతి కెమెరాలోనూ కటకం ఆనే లోహపుటంచు నుంచి ఫిల్మ్ వరకు ఒక నిర్ణీత దూరం ఉంటుంది. కేనన్ పాత ఎఫ్‌డి బిగింపులో ఆ దూరం 42 మి.మీ., కొత్త ఈఎఫ్ బిగింపులో 44. తేడా రెండే మిల్లీమీటర్లు. కటకం కోరినదానికన్నా కెమెరా లోతుగా ఉంటే మధ్యలో వేయవలసిన ఉంగరపు మందం ఋణసంఖ్య అవుతుంది. అటువంటి ఉంగరాన్ని ఏ కమ్మరి చేయగలడు? రెండు మిల్లీమీటర్లే కదా అని బలవంతాన అమర్చితే, 200 మి.మీ. నాభ్యంతరం వద్ద సుమారు ఇరవై మీటర్లకు ఆవల ఉన్నదేదీ స్పష్టంగా రాదు. దూరాన్ని చూడడానికే పుట్టిన కటకానికి హ్రస్వదృష్టి! మధ్యలో గాజు పెట్టి 1.26 రెట్లు పెంచే సర్దుబాటు పరికరాన్ని కేనన్ చేసింది కాని, అది కొన్ని ఖరీదైన కటకాలకే సరిపడేది. తక్కినవి కూడబెట్టుకున్నవారి దగ్గర అట్లాగే మిగిలిపోయాయి.

కేనన్ చేసినది ద్రోహమని నాటి ఫొటోగ్రాఫర్లు చాలామంది అన్నారు. విశాలమైన ముఖద్వారం, పూర్తిగా విద్యుత్సంకేతాలతో నడిచే అనుసంధానం కావాలనుకున్నప్పుడు పాతదానిని తెంచుకోక తప్పదు. ఇంజనీరుగా చూస్తే ఆ నిర్ణయం సరైనదే. కాని కొత్త దూరాన్ని 42 కన్నా తక్కువగా పెట్టుకుని ఉంటే పాత కటకాలు కనీసం చేతితోనైనా పనిచేసేవి. విచిత్రమేమంటే, 2000ల నాటి కేనన్ డిజిటల్ కెమెరాలపై 46.5 మి.మీ. దూరం గల పోటీదారు నికాన్ కటకం రెండున్నర మిల్లీమీటర్ల ఉంగరంతో హాయిగా కూర్చునేది. పొరుగింటివాడికి పీట, సొంత బిడ్డకు గడప!

చిక్కుముడి విప్పినవి అద్దం లేని కెమెరాలు. 2008లో పానాసోనిక్ జీ1 వచ్చింది. లోపల ఊగే అద్దమే లేనందున దాని దూరం ఇరవై మిల్లీమీటర్లకు లోపే. 2010లో సోనీ తెచ్చిన బిగింపులో అది 18. ఇక ఏ పాత కటకానికైనా మధ్యలో గొట్టం వేయడానికి చోటు దొరికింది. గాజు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు, వట్టి గొట్టం. ద్వారపు ఉంగరం, గురి ఉంగరం తనలోనే గల కటకం కెమెరాను అడిగేది ఏమీ ఉండదు. కెమెరా నుంచి విద్యుత్తు అందనిదే ద్వారాన్ని మూయలేని తరువాతి కాలపు కటకాలు కొన్ని ఈ విషయంలో వాటికన్నా పరాధీనులు.

మా మేనల్లుడు అమెరికాలో ఒక ఇంటివారు పాత సామాను అమ్ముతుంటే కొని తెచ్చిన సిరీస్ 1 నా దగ్గరున్నది, 22 అంకెల గోత్రం. చిన్న సెన్సరు కెమెరాపై 1.5 రెట్ల లెక్కన అది 105–315గా పనిచేస్తుంది. చెరువుగట్టున లకుముకిపిట్ట కోసం ఎదురుచూసేవాడికి ఇది లాభమే. స్పష్టంగా ఉన్న అంచులను రంగుతో మెరిపించి చూపే సదుపాయం, తెరపై ఒక భాగాన్ని పెద్దది చేసి చూసే సదుపాయం ఉన్నందున చేతితో గురి కుదర్చడం ఫిల్మ్ రోజులకన్నా సులువు. చేతివణుకును సరిదిద్దే కెమెరాకు మాత్రం నాభ్యంతరమెంతో మనమే చెప్పాలి. జూమ్ మార్చి ఆ అంకెను మార్చకపోతే అది తప్పు లెక్కతో దిద్దుతుంది. ఎఫ్ 3.5 వద్ద నల్లని కొమ్మల అంచున ఊదారంగు జాలు వస్తుంది. ఎఫ్ 5.6కు మూస్తే బాగా తగ్గుతుంది. కటకాన్ని ఆకాశానికి ఎత్తిపడితే జూమ్ తనంతట తానే వెనక్కి జారుతుంది. వయసు మీద పడ్డ కీళ్ళు మరి!

పాత పద్ధతి ఒకటి పెద్దలు చెప్పేవారు: 210 వద్ద గురి కుదిర్చి, తరువాత వెడల్పుకు జూమ్ చేస్తే గురి చెదరదని. మూడవ బృందం గాడి వెంట నడిచేది ఇందుకే. ఇది నిలవాలంటే గొట్టం పొడవు కచ్చితంగా ఉండాలి. అనంతదూరం ఎక్కడ అందకుండా పోతుందోనని తయారీదారులు గొట్టాన్ని చాలాసార్లు ఒక పిసరు పొట్టిగా కోస్తారు. దానితో 210 వద్ద కుదిరిన గురి 70 వద్ద చెదురుతుంది. తప్పు కటకానిదని తలచి అమ్మివేసేవారున్నారు. గొట్టాన్ని మార్చి చూడండి.

కొనేటప్పుడు కటకాన్ని దీపానికి అడ్డంగా పట్టి లోపలికి చూడాలి. సాలెగూటి వంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఇది త్వరగా పెరుగుతుంది, ముదిరితే పూతను తినివేస్తుంది. తోలుసంచిలో బంధించి బీరువాలో పెట్టడం కన్నా, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలిచొరని డబ్బా మేలు.

2018లో కేనన్ అద్దం లేని కెమెరాలకు కొత్తగా ఆర్‌ఎఫ్ బిగింపు తెచ్చింది. దాని దూరం 20 మి.మీ. 42లో 20 పోగా 22. ఒకప్పుడు బయట నిలిచిన ఎఫ్‌డి కటకాలు ఇరవైరెండు మిల్లీమీటర్ల వట్టి గొట్టంతో ఆ సంస్థ కెమెరాపైకే తిరిగి వచ్చాయి. ఆ గొట్టం చవకరకమైతే లోపలి నలుపు మెరుస్తూ ఉంటుంది, ఎదురెండలో చిత్రం తెల్లబోతుంది. అటువంటి దానిలో నల్లని మఖమలు గుడ్డను కొలతకు కత్తిరించి అంటించుకుంటే సరిపోతుంది.