అమరావతి స్తూపాన్ని నేలమట్టం చేసిందెవరు?

అమరావతి స్తూపం గురించి మనం వింటూ వచ్చిన కథ చిన్నది. చింతపల్లి జమీందారు రాళ్ల కోసం దిబ్బను తవ్వించాడు, ఆంగ్లేయులు వచ్చి మిగిలినదాన్ని కాపాడారు. ఇందులో మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగానికి మాత్రం ఆధారాలు ఎదురు తిరుగుతున్నాయి.

మౌర్యుల నాటి మూలాలూ శాతవాహనుల నాటి శిల్పమూ అందరూ ఎరిగినవే. సింహళ భిక్షువు ధర్మకీర్తి నాటి అమరావతి అయిన ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్టు శ్రీలంకలోని 1344 నాటి గడలాదెణియ శాసనం చెబుతోంది. అంటే అప్పటిదాకా ఇక్కడ బౌద్ధం పూర్తిగా మాసిపోలేదు. తర్వాత స్తూపం మట్టిలో పూడి దీపాలదిన్నె అయింది.

18వ శతాబ్దం చివర ఆ చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తుండగా దిబ్బలోని రాళ్లు బయటపడ్డాయి, గోడల్లో కలిసిపోయాయి. 1798లో చూసి వెళ్లిన కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు ఉంది. ఆ నష్టం చిన్నదని నేననను. కానీ అది బౌద్ధ స్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. మెకంజీ కూడా జైనుల కట్టడమనే అనుకున్నాడు. కొలతలతో బొమ్మలు గీయించి ఆయన చేసిన మేలు మాత్రం ఎన్నటికీ మరవరానిది.

తర్వాత వచ్చిన ఆంగ్లేయ అధికారులకు ఆ ఓపిక లేకపోయింది. కొన్ని పలకలు మచిలీపట్నం బజారు అలంకరణకు పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, చివరికి లండన్ చేరాయి. 1868లో వాస్తు చరిత్రకారుడు ఫెర్గూసన్ సాంచి, అమరావతి శిల్పాల మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. కాబట్టి ఆ తర్వాత తెలియక చేశామనే మాటకు తావు లేదు. అయినా 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ దిబ్బ మొత్తాన్నీ తవ్వి శుభ్రం చేయమన్నాడు. 1881 చివర పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి ఉంది. ఏ పలక ఎక్కడ నిలిచి ఉండేదో రాసిపెట్టినవారు లేరు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రాయి పోయినా దాని చోటు తెలిస్తే చరిత్ర నిలుస్తుంది. 1880లో పోయింది ఆ చోటే. నా దృష్టిలో జమీందారు చేసినదానికంటే ఇదే పెద్ద నష్టం.

నేడు శిల్పాలు చెన్నై, లండన్, అమరావతి మ్యూజియాల్లో చెదిరి ఉన్నాయి. పక్కనే 125 అడుగుల ధ్యానబుద్ధుడు వెలిశాడు. రాజధానికీ ఈ ఊరి పేరే పెట్టుకున్నాం. విగ్రహం మీద నాకు అభ్యంతరం లేదు, కానీ అసలు నేలకు దక్కాల్సిన శ్రద్ధ దానికి మళ్లడం బాధగా ఉంది. శిల్పాలు తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే. అయితే అవి వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. మెకంజీ గీయించిన చిత్రాలను స్తూపం దగ్గరే పెద్దవి చేసి నిలపాలి, ఏ పలక ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలుగులో రాయాలి. అక్కడ వేంకటాద్రి నాయుడి పేరు రాసేవాళ్లు పక్కనే 1880 అని కూడా రాయాలి.